కాపలా చూపు

టీవీలో ఏం చూస్తారని ఎవరైనా అడిగితే నేను వెంటనే జవాబు చెప్పను. కాస్త ఆగి, పెద్ద విశేషమేమీ కాదన్నట్టు మొహం పెట్టి, ‘ద రీఅసెంబ్లర్’ అంటాను. అదేమిటని అడుగుతారు. నాక్కావలసింది సరిగ్గా ఆ ప్రశ్నే. బ్రిటన్‌లో ఒకాయన పాత యంత్రాల ముక్కలన్నీ బల్ల మీద పరుచుకుని, ఒక్కొక్క స్క్రూ బిగించుకుంటూ మళ్లీ యంత్రంగా నిలబెడతాడనీ, అందులో కథ లేదనీ, పోటీ లేదనీ, అరుపులు లేవనీ నెమ్మదిగా వివరిస్తాను. వివరిస్తున్నంతసేపూ లోపల హాయిగా ఉంటుంది. సీరియళ్లు చూసేవాళ్లకంటే, రాత్రి తొమ్మిదింటికి వార్తా చానళ్ల కొట్లాటలు చూసేవాళ్లకంటే నేనో మెట్టు పైన ఉన్నానన్న హాయి అది. ఆ మాట పైకి అనను. అనకుండానే అవతలివాళ్లకు తెలిసేలా చేయడంలో నాకు మంచి సాధన ఉంది.

ఈ మధ్య ఆ హాయి మీదే అనుమానం వచ్చింది. నేను నిజంగా యంత్రాలను చూస్తున్నానా, లేక యంత్రాలను చూసే పెద్దమనిషిగా నన్ను నేను చూసుకుంటున్నానా?

ముందు ఆ కార్యక్రమం గురించి కొంచెం చెప్పాలి. 2016లో బీబీసీ ఫోర్ చానల్‌లో మొదలైంది. నడిపింది జేమ్స్ మే. ‘టాప్ గేర్’ అనే కార్ల కార్యక్రమంలో ముగ్గురిలో ఒకడిగా లోకానికి తెలిసినవాడు. అక్కడ మిగతా ఇద్దరూ అతన్ని ‘కెప్టెన్ స్లో’ అని ఏడిపించేవాళ్లు. ఇక్కడ ఆ నెమ్మదినే పెట్టుబడిగా పెట్టి అరగంట కార్యక్రమం చేశారు. ఒక షెడ్డు, ఒక బల్ల, బల్ల మీద విడదీసి వరసగా పేర్చిన ముక్కలు. మొదటి వస్తువు 1959 నాటి సఫోక్ కోల్ట్ పెట్రోలు లాన్‌మోవర్. 331 ముక్కలు. తర్వాత డయల్ టెలిఫోన్, 211 ముక్కలు. ఆ తర్వాత ఎలక్ట్రిక్ గిటార్, బొమ్మ రైలు, వంటింటి మిక్సర్, రికార్డ్ ప్లేయర్, చిన్న హోండా బైకు. వాటిలో చెడిపోయింది ఏదీ లేదు. ఎవరో ముందే శుభ్రంగా విప్పి పెట్టారు, ఈయన బిగిస్తాడు. అంతే. బాగు చేయడం కాదు, మళ్లీ కూర్చడం.

ఈ తేడాను నేను చాలాకాలం పట్టించుకోలేదు. ఇప్పుడు చూస్తే నా ఇష్టమంతా ఆ తేడాలోనే ఉందనిపిస్తోంది. చెడిపోయిన వస్తువుకు ఒక యజమాని ఉంటాడు. అతనికి తొందర ఉంటుంది, డబ్బు లెక్క ఉంటుంది, బాగవుతుందో లేదోనన్న బెంగ ఉంటుంది. విప్పి పెట్టిన వస్తువుకు ఇవేమీ లేవు. ముక్కలన్నీ ఉన్నాయి, అన్నీ మంచివే, వాటి చోట్లు కూడా ముందే నిర్ణయమై ఉన్నాయి. ఎంత ఆలస్యమైనా ఎవరికీ నష్టం లేదు. ఏ బాధ్యతా అంటని పని అది. నాకు నచ్చింది పనా, ఆ అంటకపోవడమా?

లాన్‌మోవర్ భాగం చూసినప్పుడు నాకు కలిగిన పరవశం సంగతి చెబితే మీకు నవ్వొస్తుంది. నా జన్మలో మా ఇంటికి లాన్ లేదు. పెరట్లో గడ్డి పెరిగితే కూలి మనిషి వచ్చి కొడవలితో కోసి, మోపుకట్టి, గేదెకు పట్టుకుపోయేవాడు. గడ్డిని పెంచడం, పెంచినదాన్ని ప్రతివారం సమంగా కత్తిరించడం, కత్తిరించింది పారబోయడం అన్నది మా వీధిలో ఎవరికి చెప్పినా పిచ్చిపనే. అయినా ఆ ఇంజనులో పిస్టన్ రింగులు జారుతుంటే, మెలి తిరిగిన బ్లేళ్ల సిలిండరు తన చోట కూర్చుంటుంటే నా చిన్నతనమేదో తిరిగొచ్చినట్టు కళ్లు చెమర్చాయి. ఎవరి చిన్నతనం అది? ఇంగ్లండులో ఏ శివారు వీధిలోనో ఆదివారం పూట తండ్రి గడ్డి కోస్తుంటే పక్కన నిలబడ్డ పిల్లవాడిది. నాది కాదు.

ఆ యంత్రం పుట్టుక మాత్రం నిజంగా ముచ్చటైనది. గ్లాస్టర్‌షైర్‌లోని స్ట్రౌడ్ ప్రాంతంలో ఉన్ని బట్టల మిల్లులుండేవి. నేసిన బట్ట మీద లేచిన నూగును సమంగా కత్తిరించే యంత్రాన్ని చూసి, ఇదే పని గడ్డికి ఎందుకు చేయకూడదని ఎడ్విన్ బడ్డింగ్‌కు తోచిందట. 1830లో పేటెంటు తీసుకున్నాడు. కదలని ఒక బ్లేడు, దాన్ని ఒరుసుకుంటూ తిరిగే బ్లేళ్లు, మధ్యలో గడ్డి. నేత మగ్గాల నేల మీద పుట్టిన మనకు ఈ సంగతి పట్టాలి. పట్టింది కూడా. కానీ దీన్ని నేను ఎంతమందికి చెప్పానో, ఎంత సందర్భం లేకుండా చెప్పానో తలుచుకుంటే, తెలుసుకున్న ఆనందం కన్నా తెలుసని చూపించుకున్న ఆనందమే ఎక్కువని ఒప్పుకోక తప్పదు.

ఇంకో పరీక్ష పెట్టుకున్నాను. మా ఇంట్లో ఇత్తడి కిరోసిన్ పంపు స్టవ్ ఉండేది. గాలి కొట్టాలి, సన్నటి పిన్నుతో నాజిలు పొడవాలి, మంట నీలంగా వెలుగుతున్నంతసేపూ అది బుసకొడుతూనే ఉంటుంది. దాని పంపు లోపలుండే తోలు వాషరు ఎండిపోతే గాలి నిలిచేది కాదు. రెండు చుక్కలు నూనె పట్టించి మెత్తబరిచేవారు. ఈ స్టవ్‌ను ఏ తెలుగు చానల్లోనో ఒక మనిషి అరగంట సేపు నెమ్మదిగా బిగిస్తూ కూర్చుంటే నేను చూస్తానా? చూడనేమో. ‘ఇదేం కార్యక్రమం, చేయడానికి ఇంకేం దొరకలేదా’ అని చానల్ మారుస్తానేమో. అది నిజంగా నా చిన్నతనమే కాబట్టి, దానికి కిరోసిన్ వాసన ఉంది కాబట్టి, రేషన్ షాపు దగ్గర డబ్బా పట్టుకుని నిలబడ్డ గుర్తు ఉంది కాబట్టి. అరువు తెచ్చుకున్న చిన్నతనానికి ఈ వాసనలు ఉండవు.

టెలిఫోన్ భాగం మాత్రం నన్ను నిజాయితీగానే కట్టిపడేసింది. డయల్ ఫోన్ వాడినవాళ్లలో చాలామందికి అది ఎలా పనిచేస్తుందో తెలియదు. నాకూ తెలియదు. వేలు పెట్టి తిప్పినప్పుడే అంకె వెళ్తుందనుకునేవాణ్ణి. కాదు. మనం తిప్పేది లోపలి స్ప్రింగుకు చుట్టు ఇవ్వడానికే. వేలు తీశాక డయల్ కిర్రుమంటూ వెనక్కి వస్తుందే, అప్పుడు వెళ్తుంది అంకె. వెనక్కొచ్చే దారిలో ఒక కాంటాక్టు తెరుచుకుంటూ మూసుకుంటూ కరెంటును ముక్కలు చేస్తుంది. ఐదు తిప్పితే ఐదు ముక్కలు, సున్నా తిప్పితే పది. సెకనుకు సుమారు పది చొప్పున, తొందర పడకుండా, ఆలస్యం చేయకుండా. మనం కోపంతో ఎంత విసురుగా తిప్పినా వెనక్కి రావడం మాత్రం దాని వేగంతోనే. అందుకోసం లోపల చిన్న గవర్నరు ఉంటుంది. వేగం పెరిగితే దాని రెక్కలు బయటికి విచ్చుకుని, చుట్టూ ఉన్న గిన్నెకు రాసుకుని బ్రేకు వేస్తాయి. ఆత్రంగా ఉన్నప్పుడు ఆ డయల్ మీద నేనెంత విసుక్కునేవాణ్ణో గుర్తొచ్చింది. విసుక్కున్నది, పాపం, తన పని తాను సరిగ్గా చేస్తున్న వస్తువు మీద.

ఆ ఫోన్లను ఇంట్లోవాళ్లు విప్పడానికి వీల్లేదు. బ్రిటన్‌లో అవి పోస్టాఫీసు శాఖ సొత్తు, చందాదారులకు అద్దెకిచ్చేవారు. మన దగ్గరా అంతే, శాఖవాళ్లదే. కనెక్షను కోసం ఏళ్ల తరబడి ఎదురుచూసి, వచ్చాక దాని మీద క్రోషియా గుడ్డ కప్పి, తాళం వేసి పెట్టుకున్న ఇళ్లు నాకు తెలుసు. డయల్‌కు వేసే ఆ చిన్న తాళం గుర్తుందా? ఇంటికొచ్చినవాళ్లు ట్రంకాల్ చేసేస్తారేమోనని. అనుమానానికి మనం చేయించుకున్న చిన్న ఇత్తడి విగ్రహం అది.

అనుమానం మాట వచ్చింది కాబట్టి ఒక కథ. ఆటోమేటిక్ టెలిఫోన్ ఎక్స్ఛేంజికి 1891లో పేటెంటు పొందిన ఆల్మన్ స్ట్రోజర్ అమెరికాలో అంత్యక్రియల వ్యాపారం చేసేవాడు. ఊళ్లో టెలిఫోన్ ఆపరేటరు తన పోటీదారు భార్య అనీ, తనకొచ్చే కాల్స్‌ను ఆమె అటు మళ్లిస్తోందనీ అతనికి అనుమానం కలిగిందని చెబుతారు. ఆ మనిషితో పని లేకుండా చేయాలన్న పట్టుదలలోంచి ఆ యంత్రం పుట్టిందట. నేను ఈ కథను స్నేహితులకు హాస్యంగా చెబుతూ వచ్చాను. ఈ మధ్య చెబుతూ చెబుతూ మధ్యలో ఆగిపోయాను. మధ్యలో మనిషి లేకపోతే బాగుండునన్న కోరిక నాకు కొత్తదేమీ కాదు.

ఓపిక సంగతికి వస్తాను. ఆ కార్యక్రమం చూడటం వల్ల నాకు ఓపిక అబ్బుతోందని మొదట్లో నమ్మాను. చూసి లేచాక ఒక గంటసేపు మనసు కుదురుగా ఉండేది. దాన్ని సాధన కింద జమ వేసుకున్నాను. కానీ నేను చూస్తున్నది ఓపికను కాదు, ఓపిక నుంచి విసుగును కత్తిరించి పారేశాక మిగిలినదాన్ని. ఆయన గంటల తరబడి నిలబడి చేసిన పని నాకు అరగంటలో అందుతుంది. కింద పడిన వాషరు కోసం వెతికే సమయం ఎడిటింగు బల్ల మీద పోయింది. నడుం నొప్పి ఆయనకే మిగిలింది. నాకు మిగిలింది తృప్తి. కష్టం ఒకరిదీ తృప్తి ఒకరిదీ అయినప్పుడు ఆ తృప్తికి మనం ఇంకో పేరు పెడతాం కదా.

ఆ ఊపులోనే మంచి స్క్రూడ్రైవర్ల సెట్టు కొన్నాను. అయస్కాంతం మొనలు, వరసగా అమర్చిన గూళ్లు, పైన మూత. డబ్బా మీది ప్లాస్టిక్ కాగితం ఇంకా తీయలేదు. కొన్న రోజున మాత్రం దాన్ని చేతిలో పట్టుకుని బరువు చూస్తూ చాలాసేపు కూర్చున్నాను. పని చేయబోతున్న మనిషిలా అనిపించింది. ఆ అనిపించడమే నేను కొన్నది, స్క్రూడ్రైవర్లు దానితో పాటు వచ్చాయి.

జేమ్స్ మే కూడా నేను కట్టుకున్న విగ్రహంలాంటివాడు కాదు. టీవీకి రాకముందు ‘ఆటోకార్’ పత్రికలో పనిచేసేవాడు. 1992లో వార్షిక ప్రత్యేక సంచిక కూర్చే పని అప్పగిస్తే ఆ చాకిరీకి విసిగిపోయి, వరసగా వచ్చే కార్ల సమీక్షల మొదటి అక్షరాలు కలిపి చదివితే తన విసుగు బయటపడేలా పేర్చాడు. పాఠకులు కనిపెట్టారు, ఉద్యోగం పోయింది. ఈ సంగతి తెలిసినప్పుడు నాకు కలిగింది నవ్వు కాదు, చిన్న నిరాశ. నా ఓపిక దేవుడు విసుక్కున్నాడు! తర్వాత ఆలోచిస్తే, నిరాశ పడాల్సింది ఆయన గురించి కాదని తెలిసింది. పనిలో విసుగు రుచి చూసినవాడు, దానికి మూల్యం చెల్లించినవాడు, చివరికి నెమ్మదైన పనిని ఇష్టపడ్డాడు. నేను విసుగు జోలికి పోకుండా నేరుగా ఇష్టానికి వచ్చాను. రిమోట్ నొక్కితే వచ్చేసింది.

ఇదంతా విన్న మా ఆవిడ ఒక మాట అంది. “క్రికెట్ చూసేవాళ్లందరూ బ్యాటు పడతారా ఏమిటి? చూడాలనిపిస్తే చూడండి. ఇంత విచారణ దేనికి?” నిజమే. చూసే సంతోషానికి సంజాయిషీ అక్కర్లేదు. సంగీతం వినేవాడు పాడనక్కర్లేదు. కొన్నాళ్లు ఆ మాట పట్టుకుని ఊరట పడ్డాను కూడా. కానీ క్రికెట్ చూసేవాడు టీవీలో ఆటకు చప్పట్లు కొట్టి, సందులో ఆడుతున్న కుర్రాళ్లను అసహ్యించుకుంటే? అప్పుడు అతను ప్రేమించేది ఆటను కాదని ఎవరైనా అంటారు. నేను ఆగాల్సి వచ్చింది అక్కడే.

మా సందులోకి వారానికోసారి ఒక మైకు వస్తుంది. గ్యాస్ స్టవ్‌లు, కుక్కర్లు, మిక్సీలు బాగు చేయబడును అని ముందే రికార్డు చేసిన గొంతు. మోపెడ్ మీద పనిముట్ల సంచి, వెనక పాత జార్లు, గాస్కెట్లు వేలాడుతుంటాయి. మా మిక్సీ మొరాయించినప్పుడల్లా అతన్నే పిలుస్తాం. వరండాలో గచ్చు మీద గోనె పరుచుకుని, మఠం వేసుకుని కూర్చుంటాడు. కార్బన్ బ్రష్‌లు అరిగాయా, కప్లర్ పళ్లు పోయాయా, జార్ బుష్ లీకవుతోందా, శబ్దాన్ని బట్టే చెప్పేస్తాడు. విప్పిన స్క్రూలను మిక్సీ మూతలోనే పోసుకుంటాడు. టీవీలో అయితే ఆ స్క్రూల మీద కెమెరా ఒక నిమిషం నిలుస్తుంది.

మిక్సీ ఏమీ చిన్న యంత్రం కాదు. జేమ్స్ మే బిగించిన ఆ వంటింటి మిక్సర్ పేరు కెన్‌వుడ్ చెఫ్. బ్రిటన్ ఇళ్లలో పిండి కలపడానికి, క్రీము గిలకొట్టడానికి అది గొప్పది. మన నానబెట్టిన మినపప్పు, ఎండుకొబ్బరి, పసుపు కొమ్ములు వేరే సంగతి. 1960లలో బొంబాయిలో సీమెన్స్ కంపెనీలో ఇంజినీరుగా ఉన్న సత్యప్రకాశ్ మాథుర్ ఇంట్లో జర్మనీ మిక్సర్ మన వంటకు తట్టుకోలేక కాలిపోతే, మన వంటింటికి ఆగే మోటారుతో ఆయన తయారుచేసిందే సుమీత్ మిక్సీ. ఆ వంశంలోని యంత్రాన్నే మా మెకానిక్ గచ్చు మీద పెట్టుకుని విప్పుతున్నాడు. అంటే నేను ఎగబడి చూడాల్సిన దృశ్యమే.

చూసేవాణ్ణి కూడా. అదే చెప్పబోతున్నాను. అతను పని మొదలుపెట్టగానే కుర్చీ తెచ్చుకుని ఎదురుగా కూర్చునేవాణ్ణి. అయ్యేదాకా కదిలేవాణ్ణి కాదు. కానీ ఆ చూపు వేరు. మంచి పార్టు తీసేసి పాతది వేస్తాడేమో, ఒక బ్రష్ పోతే రెండూ పోయాయంటాడేమో, రాగి వైండింగు మోటారు మార్చేస్తాడేమో అన్న చూపు. “ఏం బాబూ, ఇంకా ఎంతసేపు?” అని మధ్యలో అడిగేవాణ్ణి. “అయిపోవచ్చిందండీ” అనేవాడు, తల ఎత్తకుండా. ఒకసారి మా ఆవిడ లోపలికి పిలిచి, “మీరలా ఎదురుగా కూర్చుంటే అతనికి చెయ్యి ఆడదు” అంది. నేను ఒప్పుకోలేదు. జాగ్రత్తగా ఉండటం తప్పెలా అవుతుందన్నాను.

జాగ్రత్త అనే మాట వెనక ఏముందో తవ్వి చూస్తే మొదట దొరికింది డబ్బు భయం. అది అంత లోతైనది కాదు. ఒక జత కార్బన్ బ్రష్‌ల ధరతో నా సంసారం కూలిపోదు. దాని కింద మోసపోతానన్న భయం. అదీ పూర్తి నిజం కాదు. ఎందుకంటే అతను నా కళ్ల ముందే పార్టు మార్చినా నేను కనిపెట్టలేను. ఏది మంచి కప్లరో ఏది నాసిరకమో నాకు తెలియదు. తెలియని కాపలాదారు కాపలా కాసి ప్రయోజనమేముంది? మరి దేన్ని కాస్తున్నాను?

ఇంకాస్త కిందికి వెళ్తే దొరికింది చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. అతనికి తెలిసినది నాకు తెలియదు. ఆ అరగంటసేపు మా ఇంట్లో అతనే పెద్ద. నా చదువు, ఉద్యోగం, లాన్‌మోవర్ పుట్టిన సంవత్సరం, ఏవీ ఆ మిక్సీని తిప్పలేవు. ఆ సంగతి అతనికి గుర్తు రాకుండా ఉండటానికి నేను కుర్చీలో కూర్చోవాలి, అతను కింద కూర్చోవాలి. ఎంతసేపని నేను అడగాలి, అయిపోవచ్చిందండీ అని అతను అనాలి. నేను కాపలా కాసింది నా ఎత్తును. ఇందులో నా ఒక్కడి బుద్ధే ఉందని చెప్పి మిమ్మల్ని తప్పించలేను, మనందరి బుద్ధి అని చెప్పి నేను తప్పించుకోలేను. చేత్తో పని చేసేవాణ్ణి ఒక మెట్టు కింద కూర్చోబెట్టే అలవాటు ఈ నేలలో చాలా పాతది. అలవాటు పాతదైనంత మాత్రాన కుర్చీ వేసుకున్న చెయ్యి నాది కాకుండా పోదు.

బీబీసీలోనే ఇంకో కార్యక్రమం ఉంది, ‘ద రిపేర్ షాప్’. 2017లో మొదలైంది. దక్షిణ ఇంగ్లండులో వీల్డ్ అండ్ డౌన్‌ల్యాండ్ అనే ఆరుబయలు మ్యూజియంలోని పాతకాలపు కొట్టంలో తీస్తారు. మామూలు జనం తమ ఇంటి వస్తువులు తెస్తారు. తాతగారి గోడ గడియారం, అమ్మ చిన్నప్పటి ఎలుగుబంటి బొమ్మ. వాటి కథ చెబుతారు. నిపుణులు బాగు చేశాక గుడ్డ తీసి చూపిస్తే యజమానులు ఏడ్చేస్తారు. నేనూ ఏడ్చాను, అబద్ధమెందుకు. కానీ చాలాసార్లు కథ చెప్పే భాగాన్ని ముందుకు జరిపేసి, బిగించే చోటికి వెళ్లిపోతుంటాను. వస్తువు కావాలి, మనిషి వద్దు. చెయ్యి కావాలి, ఆ చేతి వెనకున్న ఇల్లు, అద్దె, పిల్లల ఫీజు వద్దు. జేమ్స్ మే కార్యక్రమాన్ని నేను దీనికంటే గొప్పదని వాదించేది కళ కోసమనుకునేవాణ్ణి. అందులో యజమాని కనపడడు, అందుకే.

ఇంతవరకు వచ్చాక నాకు నా మీదే ఇంకో అనుమానం. ఈ రాతంతా కూడా ఆ పాత హాయే కావచ్చు. మెకానిక్‌ను గుర్తించిన సహృదయుణ్ణి నేను, మీరు ఇంకా గుర్తించలేదు అని మళ్లీ ఒక మెట్టు ఎక్కి నిలబడటం కావచ్చు. కిందటిసారి అతను వచ్చినప్పుడు నేనేం చేశానో చూడండి. కుర్చీ తెచ్చుకోలేదు. పక్కన మెట్టు మీద కూర్చుని, మీ పని చూస్తుంటే ముచ్చటగా ఉందనీ, ఇంగ్లండులో ఇలాంటి పనిని టీవీలో చూపిస్తారనీ చెప్పడం మొదలుపెట్టాను. ‘నువ్వు’ కాస్తా ఆ రోజు ‘మీరు’ అయింది. అతను మర్యాదగా విన్నాడు. “అవునాండీ” అన్నాడు. తర్వాత, “కొంచెం ఆ వెలుతురుకు అడ్డం తప్పుకుంటారా” అన్నాడు.

పని చేసుకునేవాడికి నా గౌరవం కన్నా వెలుతురు ముఖ్యం. అది అవసరం, గౌరవం నా ముచ్చట. పని అయ్యాక అతను అడిగిన డబ్బు విని నా నోటి దాకా వచ్చిన బేరం సంగతి కూడా చెప్పాలి. అంతసేపు పొగిడిన మనిషితో యాభై రూపాయల దగ్గర పెనుగులాడటానికి నాలుక సిద్ధంగానే ఉంది. ఆడలేదు, కానీ ఆడకపోవడం మంచితనం వల్ల కాదు. పొగిడిన నోటితో వెంటనే బేరమాడితే నాకే నామోషీ. చూశారా, మంచి పని కూడా గర్వం చేతి మీదుగానే జరిగింది. అయినా అతనికి డబ్బు సరిగ్గా అందింది కాబట్టి ఆ గర్వాన్ని ఈ ఒక్కసారికి తిట్టదలుచుకోలేదు.

నా దగ్గర దీనికి మందు లేదు. ‘ద రీఅసెంబ్లర్’ చూడటం మానను. అది మంచి కార్యక్రమం. గవర్నరు రెక్కలు విచ్చుకోవడం మళ్లీ చూసినా నాకు ఒళ్లు పులకరిస్తుంది, ఆ పులకరింత దొంగది కాదని నమ్ముతున్నాను. దాన్ని నా గుణం కింద రాసుకోవడమే దొంగపని. ఆ స్క్రూడ్రైవర్ల సెట్టు తీసి ఏదో ఒకటి విప్పి చూడమని మా అబ్బాయి అంటున్నాడు. విప్పుతానో లేదో తెలియదు. బద్ధకం కూడా నాదే కదా, దాన్ని ఈ వ్యాసం మరిపించలేదు.

మీ ఇంటికి ఎవరైనా ఏదైనా బాగు చేయడానికి వచ్చినప్పుడు మీరెక్కడ కూర్చుంటారో, ఎందుకు కూర్చుంటారో ఒకసారి గమనించుకోండి. నాకు చెప్పనక్కర్లేదు. నా మటుకు నేను కాపలాకే కూర్చునేవాణ్ణి, ఇప్పటికీ పూర్తిగా మానలేదు.